పక్కనే పెద్ద అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు వస్తోందా? పర్యావరణ అనుమతి మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో మొదటి బోర్డు పడిన నాటి నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. కొనేవాళ్లూ అడుగుతున్నారు, పక్కన ఉండేవాళ్లూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలవే. కేంద్ర చట్టాల గురించి రాసినవి ఆంధ్రప్రదేశ్‌కూ వర్తిస్తాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## భూమి చూసుకునే దశ

ఈసీ తీయించాం, క్లియర్‌గా ఉంది. మళ్లీ ఇంకో ఈసీ ఏమిటి?

పేరు ఒకటే, కాగితాలు వేరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసే ఈసీ ఆ భూమి మీద తాకట్లు, అమ్మకాలు ఏమున్నాయో చెబుతుంది. పర్యావరణ ఈసీ అంటే ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్. ఈ ప్రాజెక్టు వల్ల నీటికి, గాలికి, నేలకు ఏమవుతుందో చూసి, షరతులు పెట్టి ఇచ్చే ముందస్తు అనుమతి అది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ దీనికి ఆధారం. బ్రోచర్‌లో "ఈసీ వచ్చింది" అని ఉంటే ఏ ఈసీ అని తప్పకుండా అడగండి.

ఎంత పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కావాలి?

మొత్తం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు దాటితే కావాలి. విస్తీర్ణం 1,50,000 చదరపు మీటర్లకు చేరినా, స్థలం 50 హెక్టార్లు ఉన్నా టౌన్‌షిప్ కింద లెక్క. దానికి పరిశీలన ఇంకా లోతుగా ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది సెల్లార్ల దగ్గర. బిల్డర్ చెప్పేది అమ్మే విస్తీర్ణం. చట్టం లెక్క వేసేది అన్ని అంతస్తులూ, సెల్లార్లూ, సర్వీసు ఏరియాలూ కలిపి. అమ్మేది లక్షా డెబ్బై వేల అడుగులే అయినా రెండు సెల్లార్లు కలిపితే గీత దాటిపోవచ్చు.

మా స్థలానికి నాలా అయిపోయింది. చెరువు బఫర్ గొడవ మాకెందుకు?

మీరు చెప్పే నాలా వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకునే ప్రక్రియ. అది రెవెన్యూ శాఖ పని. ఆ భూమిలోంచి వాన నీళ్లు పోయే నాలా ఉందా, చెరువు నీళ్లు ఎంతవరకు వస్తాయి అన్నవి అందులో తేలవు. నాలా కన్వర్షన్ కాగితం ఉన్న స్థలంలోంచే అసలు నాలా పారుతూ ఉండొచ్చు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఫీజు కట్టామని చెప్పేవాళ్లూ ఉన్నారు. చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలలో ఉన్న ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ రక్షణ ఉండదు.

శిఖం పట్టా ఉంది, పాస్‌బుక్ కూడా ఉంది. కట్టుకోవచ్చా?

కట్టుకోకూడదు. శిఖం అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే నేల. శిఖం పట్టా ఉన్న రైతుకు నీళ్లు తగ్గాక సాగు చేసుకునే హక్కు ఉంటుంది. యాజమాన్యం ప్రైవేటుదే కావచ్చు, కానీ అక్కడ మట్టి పోసి ఎత్తు పెంచే హక్కు, గోడ కట్టే హక్కు దానితో రావు.

ఎఫ్‌టీఎల్, బఫర్ అంటున్నారు. ఎన్ని మీటర్లు వదలాలి?

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీటి అంచు ఉండే గీత. తెలంగాణలో 2012 నాటి 168 జీవో ప్రకారం, 10 హెక్టార్లు లేదా అంతకన్నా పెద్ద చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కన్నా వెడల్పైన వాగు, నాలా పక్కన 9 మీటర్లు, అంతకన్నా చిన్న నాలా పక్కన 2 మీటర్లు. నదికి మున్సిపల్ పరిధి లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు.

స్థలం చూడటానికి మే నెలలో తీసుకెళతారు. అప్పుడు నేల నెర్రెలు వారి ఉంటుంది, చెరువు ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. ఆ చూపును నమ్మకండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) తన పరిధిలోని చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టింది. వాటిని పాత గ్రామ నక్షాతో కలిపి చూడండి. ఊళ్లో పెద్దవాళ్లను "అలుగు పారితే నీళ్లు ఎటు పోయేవి?" అని అడగండి. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు నీళ్లు కిందిచెరువులోకి చేరాలి. ఆ మధ్య దారి కాగితం మీద చెరువు కాదు కాబట్టి ముందుగా మూసేది దాన్నే.

111 జీవో ఎత్తేశారు కదా, అక్కడ ఇక ఏదైనా కట్టొచ్చా?

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు 1996 మార్చి 8న 111 జీవో ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్ 12న వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలు తొలగిస్తున్నామంటూనే, జలాశయాల నీటి నాణ్యత ఏ రకంగానూ దెబ్బతినకూడదని షరతు పెట్టింది. కాబట్టి "అంతా ఫ్రీ అయిపోయింది" అనే మాట సగం నిజం. పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఎలాగూ కావాలి.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేల మందిని పొట్టన పెట్టుకున్నాక, నగరానికి మళ్లీ ఆ గతి పట్టకూడదని కట్టుకున్న జలాశయాలివి. 1920లో ఒకటి, 1927లో ఒకటి పూర్తయ్యాయి. వాటి పైభాగం నేలను కాంక్రీటుతో కప్పేస్తే నీళ్లు వచ్చే వేగమే మారిపోతుంది. అక్కడ కొనాలనుకుంటే మీ సర్వే నంబరు వేసి హెచ్‌ఎండీఏ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నోటిమాట వద్దు.

## దరఖాస్తు, పరిశీలన దశ

ఈ అనుమతి ఎవరిస్తారు? కలెక్టరా, హెచ్‌ఎండీఏనా?

ఇద్దరూ కాదు. ప్రతి రాష్ట్రానికీ ఒక పర్యావరణ ప్రభావ అంచనా సంస్థ ఉంటుంది, సియా అంటారు. దానికి సలహా ఇచ్చే నిపుణుల కమిటీని సియాక్ అంటారు. బిల్డర్ పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెడతాడు, కమిటీ పరిశీలించి సిఫార్సు చేస్తుంది, సియా అనుమతి ఇస్తుంది లేదా తిరస్కరిస్తుంది. హెచ్‌ఎండీఏ, జీహెచ్‌ఎంసీ ఇచ్చేది ప్లాన్ అనుమతి. కాలుష్య నియంత్రణ మండలి నుంచి కట్టే ముందు సీఎఫ్‌ఈ (కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్), జనం చేరే ముందు సీఎఫ్‌ఓ (కన్సెంట్ ఫర్ ఆపరేషన్) అనే అనుమతులు వేరుగా తీసుకోవాలి.

కమిటీ ముందుకు వెళ్లే నివేదికను తయారుచేసేది బిల్డర్ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు. అందుకే దాన్ని బయటివాళ్లు చదవడం అంత అవసరం.

మా దగ్గర పబ్లిక్ హియరింగ్ పెట్టలేదు. అది చట్టవిరుద్ధం కాదా?

కాదు. 2006 నోటిఫికేషన్‌లోనే భవనాలకు, టౌన్‌షిప్‌లకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. నా మటుకు నాకు ఇది పెద్ద లోపం. పక్క ఊరి వాగు గురించి తెలిసింది పక్క ఊరివాళ్లకే, వాళ్లను అడగకుండానే తూకం వేస్తున్నారు.

అయినా మీరు రాయకూడదని ఎక్కడా లేదు. సియాక్ సమావేశాల ఎజెండా ముందుగా పోర్టల్‌లో వస్తుంది. ప్రాజెక్టు పేరు కనబడగానే ఉత్తరం పంపండి. "మాకు ఇష్టం లేదు" అని రాస్తే పక్కన పెడతారు. "ఫలానా సర్వే నంబరులో నాలా ఉంది, నక్షా ఇదిగో, వానాకాలం ఫొటో ఇదిగో, దరఖాస్తులో నాలా లేదని రాశారు" అని రాస్తే కమిటీ బిల్డర్‌ను అడగక తప్పదు. నిర్ణయం అయ్యాక పంపే పది ఉత్తరాల కన్నా ఈ దశలో పంపే ఒక్కటి ఎక్కువ పని చేస్తుంది.

కమిటీ అసలు ఏం తూకం వేయాలి? మేం ఏం చూడాలి?

నీళ్ల లెక్కతో మొదలుపెట్టండి. నా అనుభవంలో ఒక నివేదికలో నిజమెంతో అక్కడే తేలిపోతుంది.

500 ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు అనుకుంటే 2,500 మంది. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 45 లీటర్లు టాయిలెట్ ఫ్లష్‌కు. మొత్తం 3,37,500 లీటర్లు. ఫ్లష్‌కు శుద్ధి చేసిన నీళ్లే వాడినా రోజుకు 2,25,000 లీటర్ల మంచినీళ్లు కావాలి. జలమండలి పైపు రాకపోతే అవి పది వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు 22కు పైనే. ఆ ట్యాంకర్లు నింపేది చుట్టుపక్కల బోర్ల నుంచే. కాబట్టి నివేదికలో "నీటి వనరు" అన్న చోట ఏం రాశారో చూడండి. జలమండలి హామీ పత్రం జత చేశారా, లేక ఉత్త మాటేనా?

తర్వాత మురుగు. వాడిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగు అవుతుంది, అంటే రోజుకు 2,70,000 లీటర్లు. శుద్ధి చేశాక ఫ్లష్‌కు 1,12,500 లీటర్లు పోతే ఇంకా లక్షన్నర లీటర్లకు పైగా మిగులుతుంది. ప్రతి నివేదికలోనూ దీన్ని "తోటకు వాడతాం" అని రాస్తారు. వానాకాలంలో తోటకు నీళ్లు అక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ లక్షన్నర లీటర్లు ఎటు పోతాయి? ఆ ప్రాంతంలో మురుగు లైను లేకపోతే నాలాలోకి, అక్కడి నుంచి చెరువులోకి. జూలై, ఆగస్టు నెలల నీటి లెక్క వేరుగా ఇవ్వమని అడగండి.

మూడోది వాన నీరు. ఎకరం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లకు పైనే. నాలుగెకరాల స్థలమైతే 16 లక్షల లీటర్లు. మట్టి నేల కొంత తాగుతుంది, కొంత నిలుపుతుంది, మిగతాది మెల్లగా వదులుతుంది. హద్దు నుంచి హద్దు దాకా సెల్లార్ తవ్వితే ఆ నేలే ఉండదు. పైన పచ్చిక పరిచి "గ్రీన్ ఏరియా" అని చూపిస్తారు, కానీ కింద స్లాబ్ ఉంటే చుక్క కూడా ఇంకదు. ఇంకుడు గుంతల సంఖ్య కాదు చూడాల్సింది, అవి సెల్లార్ లేని సహజ నేల మీద ఉన్నాయా లేదా అన్నది.

చెట్లు, దుమ్ము, ట్రాఫిక్, బండరాయి పేల్చడం, చెత్త కూడా నివేదికలో ఉంటాయి. అవీ చూడండి. కానీ 2020 అక్టోబరు 13 రాత్రి మా కింది అంతస్తులోకి నీళ్లు వచ్చినప్పుడు నాకు అర్థమైంది, పైన ఎవరో మూసేసిన దారి లెక్కలో తప్పితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా లాభం లేదని.

ఒకే చెరువు చుట్టూ పది ప్రాజెక్టులు వస్తున్నాయి. అన్నిటినీ కలిపి చూస్తారా?

చూడాలి. దరఖాస్తుతో ఇచ్చే ఫారం-1లో, చుట్టుపక్కల ఉన్నవీ రాబోయేవీ కలిపితే పడే ప్రభావం ఏమిటని ఒక భాగమే ఉంది. జవాబు చాలాసార్లు ఒక్క ముక్కలో "లేదు" అని ఉంటుంది. నాలుగు కిలోమీటర్ల లోపల ఏయే ప్రాజెక్టులు వస్తున్నాయో రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) సైటులో వెతికి జాబితా కట్టి పంపండి. ఒక్కో ఫైలు విడిగా చూస్తే ప్రతిదీ చిన్నదే, చెరువుకు మాత్రం అన్నీ కలిసే వస్తాయి.

ఇళ్లు కావాలి కదా? ప్రతిదానికీ అడ్డుపడితే జనం ఎక్కడుంటారు?

న్యాయమైన ప్రశ్న. ఇళ్లు కావాలి, అద్దెలు భరించలేకపోతున్నవాళ్లు నా చుట్టూనే ఉన్నారు. ఎత్తైన టవర్లంటేనే పర్యావరణానికి చెడు అని నేను అనను. మెట్రోకి దగ్గరగా, మురుగు లైను ఉన్నచోట, నాలుగెకరాల్లో 500 కుటుంబాలు ఉండటం, అదే 500 కుటుంబాలు చెరువు ఎగువన వందెకరాల విల్లాల్లో పరుచుకోవడం కన్నా చాలా నయం. ఎక్కడ, ఎన్ని, నీళ్లు ఎటు అన్నవే అడగాల్సినవి. కొన్నిసార్లు ఒక బ్లాకు తగ్గించి నాలాకు దారి వదిలితే సరిపోతుంది. పరిశీలన దశ ఉన్నదే ఆ సర్దుబాటు కోసం.

## అనుమతి లేఖ వచ్చాక

అనుమతి లేఖలో ముందు ఏం చదవాలి?

సర్వే నంబర్లు, మొత్తం విస్తీర్ణం, బ్లాకుల సంఖ్య, అంతస్తులు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) సామర్థ్యం. వాటిని బ్రోచర్‌తో, రెరాలో పెట్టిన ప్లాన్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. లేఖలో ఐదు బ్లాకులు, బ్రోచర్‌లో ఏడు ఉంటే ఆ అదనపు రెండు బ్లాకులకూ అనుమతి లేనట్టే. తర్వాత "ప్రత్యేక షరతులు" చదవండి. సాధారణ షరతులు దాదాపు అన్ని లేఖల్లో ఒకేలా ఉంటాయి. కమిటీకి ఎక్కడ అనుమానం వచ్చిందో ప్రత్యేక షరతుల్లోనే కనబడుతుంది.

ముక్కలు చేసి ఒక్కోటి 20,000 చదరపు మీటర్ల లోపు చూపిస్తే అనుమతి తప్పించుకోవచ్చా?

తప్పించుకోకూడదు. ఒకే ప్రహరీ, ఒకే దారి, ఒకే ఎస్‌టీపీ ఉంటే అది ఒకే ప్రాజెక్టు. ముందు చిన్నదిగా చూపించి తర్వాత పెంచుకుంటూ పోయే పద్ధతి మీద 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ముంబై ప్రాజెక్టు కేసులో స్పష్టంగా చెప్పింది: విస్తరణకు మళ్లీ పరిశీలన జరగాల్సిందే. 2018లో పుణె గృహ ప్రాజెక్టు కేసులో, అనుమతించిన దాని కన్నా ఎక్కువ కట్టినందుకు 100 కోట్లు లేదా ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం, ఏది ఎక్కువైతే అది కట్టమంది.

అనుమతి రాకముందే తవ్వకం మొదలుపెట్టారు. ఏం చేయాలి?

అనుమతికి ముందు స్థలాన్ని కాపాడుకోవడానికి కంచె వేసుకోవచ్చు. నేల చదును చేయడం, తవ్వడం కూడా కుదరదు. తేదీ కనిపించేలా ఫొటోలు తీసి సియాకు, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

కట్టేశాక అనుమతి తెచ్చుకునే దారి మీద కోర్టులోనే మార్పులు జరిగాయి. 2025 మేలో సుప్రీంకోర్టు అలాంటి అనుమతులకు వీలు కల్పించిన ఉత్తర్వులను కొట్టేసింది. అదే ఏడాది నవంబరులో 2:1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కు తీసుకుంది. అందువల్ల "ఎలాగూ తర్వాత రాదు" అని ధీమాగా ఉండకండి. పని మొదటి వారంలోనే కదలండి.

అనుమతి ఇవ్వడమే తప్పని మాకనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి?

జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ బెంచి. గడువు 30 రోజులు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, 90 దాటితే అప్పీలు తీసుకోరు. బిల్డర్ అనుమతి వచ్చిన విషయాన్ని రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, ఒకటి ప్రాంతీయ భాషలో. ఆ ప్రకటన కట్టింగ్ దాచుకోండి, గడువు లెక్కకు అది పనికొస్తుంది. చాలామంది ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ తర్వాత లాయర్ దగ్గరికి వెళ్లి టెన్షన్ పడతారు. అప్పటికి అప్పీలు తలుపు మూసుకుపోయి ఉంటుంది.

## కట్టేటప్పుడు, చేరాక

దుమ్ము, బ్లాస్టింగ్ భరించలేకపోతున్నాం. ఎవరికి చెప్పాలి?

దుమ్ముకు కాలుష్య నియంత్రణ మండలి, బ్లాస్టింగ్‌కు పోలీసులు. గోడలకు పగుళ్లు వస్తాయని భయం ఉంటే పని మొదలవకముందే మీ ఇంటి గోడల వీడియో తీసి పెట్టుకోండి.

షరతులు పాటిస్తున్నారో లేదో మాకెలా తెలుస్తుంది?

ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి బిల్డర్ షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది రహస్యం కాదు, ఎవరైనా అడగొచ్చు. ఆన్‌లైన్‌లో లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి. "పాటిస్తున్నాం" అని వరుసగా రాసి ఉంటే ఒక్కో షరతును మీ కళ్లతో చూసి, ఫొటోతో జవాబు రాయండి.

ఎస్‌టీపీ ఉంది, కానీ నడపడం లేదు. ఇప్పుడు అసోసియేషన్ ఏం చేయాలి?

మెయింటెనెన్స్ తగ్గుతుందని మోటార్లు ఆపేసే అసోసియేషన్లున్నాయి. రాత్రిపూట మురుగు నాలాలోకి వదులుతున్నారని తెలిస్తే బాధ్యత ఇప్పుడు బిల్డర్‌ది కాదు, నడిపేవాళ్లది. ఫ్లాట్లు అప్పగించుకునే ముందే మూడు చూడండి: ఎస్‌టీపీకి వేరే కరెంటు మీటరు, రోజూ ఎన్ని లీటర్లు శుద్ధి అయ్యాయో రాసే లాగ్‌బుక్, ఫ్లష్ ట్యాంకులకు విడిగా వేసిన పైపు. మీటరు తిరగకపోతే ప్లాంటు నడవనట్టే. సగం ఫ్లాట్లే నిండినప్పుడు మురుగు చాలక ప్లాంటు సరిగ్గా పనిచేయదు. దశలవారీగా నడిచేలా రెండు చిన్న యూనిట్లు పెట్టించుకోవడం మంచిదని నా సలహా.

అన్ని పర్మిషన్లూ ఉన్నాయని కొన్నాం. తర్వాత లోపం బయటపడితే మా గతి ఏమిటి?

కొచ్చి దగ్గర మరడులో జరిగింది చూడండి. నీటి ఒడ్డున కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలు తీర నియంత్రణ నిబంధనలకు విరుద్ధమని 2019 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి పంచాయతీ పర్మిట్లు ఇచ్చినవే అవి. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఫ్లాటు యజమానులకు ముందుగా 25 లక్షల చొప్పున మధ్యంతర పరిహారం ఇప్పించారు. అప్పులు తీర్చుకుంటూ ఉన్నవాళ్లకు అది ఏపాటి?

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే పర్యావరణ అనుమతి లేఖ, సీఎఫ్‌ఈ, చెరువు మ్యాపు మీద మీ సర్వే నంబరు గుర్తించిన కాపీ, ఈ మూడూ చేతికి తీసుకోండి. ఇవ్వనంటే అడ్వాన్సు ఆపండి. ఇప్పటికే కొనేసి ఉంటే అగ్రిమెంటు, రసీదులు, బ్రోచర్, బిల్డర్ మెసేజ్‌లు అన్నీ ఒక ఫైలులో పెట్టి, పక్క ఫ్లాట్లవాళ్లతో కలిసి రెరాలో ఫిర్యాదు చేయండి. బ్రోచర్ పారేయకండి. బిల్డర్ ఏమని నమ్మించాడో రుజువు చేయడానికి చాలా కేసుల్లో అదే ఆధారం.